షికారు నుంచి సఫారీ దాకా



లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన. ఇప్పుడక్కడ కట్టె కనబడదు. పైన మెట్రో రైలు, కింద బస్సులు, ఆటోలు. అయినా ఆ ప్రాంతానికి అడవితో చుట్టరికం మాత్రం తెగిపోలేదు. సైఫాబాదు వైపు నడిస్తే అటవీ శాఖ వారి అరణ్య భవన్ వస్తుంది. నాంపల్లి వైపు నడిస్తే పబ్లిక్ గార్డెన్స్, అంటే మన పాతవాళ్ళు బాగేఆం అనే తోట వస్తుంది. 1963లో మీరాలం చెరువు దగ్గర నెహ్రూ జూ పార్కు తెరిచేదాకా ఈ ఊరి పిల్లలు పులినీ సింహాన్నీ చూసింది ఆ తోటలోనే.

సైఫాబాదు పేరు చెప్పగానే ఇంకో కథ కూడా గుర్తు చేస్తారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం అక్కడ ఒక మహలు కట్టారు. ఆయన దాన్ని చూడడానికి వస్తుంటే దారికి అడ్డంగా ఒక ఉడుము పరుగెత్తిందట. శకునం బాగాలేదని వెనక్కి తిరిగిపోయి, మహలుకి తాళం వేయించాడట. తర్వాత అది సర్కారు కచేరీ అయింది, సచివాలయంలో కలిసిపోయింది, 2020లో కూల్చేశారు కూడాను. ఉడుము కథ ఎంతవరకు నిజమో గాని, చెప్పుకునేవాళ్ళు నవ్వుతూ చెప్పుకునేందుకు కారణం ఉంది. ఆ నిజాంకి పులి వేటలో పెద్ద పేరు. అంతటి వేటగాడు ఉడుముకి జడిశాడా అని నవ్వు.

ఈ రోజు నేను చెప్పబోయేది ఉడుము సంగతి కాదు, వేట సంగతి. వేట ఎట్లా ఫోటో అయిందో ఆ సంగతి.

ఇవాళ మన నగరం నుంచి ఎంతోమంది నైరోబీకి విమానం ఎక్కి, మసాయి మారా మైదానాల్లో సింహాలకీ ఏనుగులకీ ఫోటోలు తీసుకుని వస్తున్నారు. దాన్ని సఫారీ అంటారు. మన ఊళ్ళో సఫారీ అంటే ముందు గుర్తొచ్చేది పొట్టి చేతుల సూటు. కాని ఆ మాట హైదరాబాదు వాళ్ళకి కొత్తది కాదు. అరబ్బీలో సఫర్ అంటే ప్రయాణం. ఆ మాటే ఉర్దూలోకి వచ్చి మన ఇళ్ళల్లో 'సఫర్' అయింది, తూర్పు ఆఫ్రికా వాళ్ళ స్వాహిలీ భాషలోకి వెళ్ళి 'సఫారీ' అయింది. ఒక తల్లి బిడ్డలే ఈ రెండు మాటలూ.

ఫోటో సఫారీ అంటే ఏమిటో కూడా రెండు మాటల్లో చెప్పుకుందాం. తెల్లవారు జామునే జీపు ఎక్కాలి. ముందు సీట్లో ఆ అడవి తెలిసిన మార్గదర్శి కూర్చుంటాడు. నేల మీద అడుగు జాడ, గడ్డి నలిగిన తీరు, కోతి అరుపు, లేడి బెదురు, ఇవి చూసి విని మృగం ఎటు ఉందో ఊహిస్తాడు. గాలి మన మీదినుంచి మృగం వైపు వీచకుండా, వెలుగు మన వెనకనుంచి పడేటట్టు బండిని నిలబెట్టిస్తాడు. ఇంజను ఆపేస్తారు. మాట్లాడకూడదు, దిగకూడదు. ఆ తరవాతే కెమెరా పని. ఫోటో తీసేది మనమే అయినా, అందులో ముప్పాతిక వంతు ఆ ముందు సీటు మనిషి చలవే.

ఈ పద్ధతి ఎక్కడినుంచి వచ్చింది? దీని బొడ్డుతాడు వేటలో ఉంది. ఆ కథలో మన నెక్కొండకీ సికింద్రాబాదుకీ చోటుంది. ఆడవాళ్ళకీ చోటుంది.

రాజా దీనదయాళ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో సర్కారు నౌకరీ చేస్తూ ఫోటోలు తీయడం నేర్చుకున్నారు. ఆ తరవాత ఆరవ నిజాం కొలువులో ఆస్థాన ఫోటోగ్రాఫరై సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకి రాజా బిరుదుతో బాటు ముసవ్విర్ జంగ్ అనే పేరు కూడా ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1905లో పోయారు. ఆయన గాజు నెగెటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 1989లో ఆ సంస్థ వాటిని కొని భద్రపరచింది.

ఆయన చేసిన పనుల్లో ఒకటి మనం ప్రత్యేకంగా తలుచుకోవాలి. పరదా ఉన్న ఇళ్ళ స్త్రీలు పరాయి మగవాడి ఎదట కూర్చుని ఫోటో తీయించుకోవడం ఆ రోజుల్లో జరిగే పని కాదు. అందుకని 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచారు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపల కెమెరా వెనక నిలబడేది ఒక ఆంగ్ల స్త్రీ, కెన్నీ లెవిక్ అనే ఆవిడ. అంటే నూటముప్పై ఏళ్ళ కిందటే మన నగరంలో కెమెరా ఒక స్త్రీ చేతిలో జీవనోపాధి పనిముట్టు అయింది. అయితే ఆ కెమెరా గోడల లోపల ఉన్నది. అడవికి పోయిన కెమెరా దొరల వెంట పోయింది.

1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ నిజాం రాజ్యానికి వచ్చాడు. వరంగల్లు వైపు నెక్కొండ దగ్గర అడవిలో ఆయన కోసం పులి వేట ఏర్పాటు చేశారు. అక్కడ దీనదయాళ్ సంస్థ తీసిన ఫోటో ఈనాటికీ చరిత్ర పుస్తకాల్లో అచ్చవుతూ ఉంటుంది. నేల మీద చచ్చిన పులి. దాని దగ్గర కర్జన్, పక్కన ఆయన భార్య మేరీ కర్జన్. ఆవిడ అమెరికాలో చికాగో వ్యాపారి కూతురు. కాజీపేట నుంచి డోర్నకల్ వైపు పోయే రైల్లో నెక్కొండ స్టేషను దాటినవాళ్ళు ఇప్పుడు కిటికీలోంచి చూస్తే పొలాలే ఎక్కువ కనబడతాయి. అక్కడ పులి తిరిగిందనడానికి సాక్ష్యం ఆ ఫోటో.

ఆ రోజుల్లో అడవిలో ఫోటో అంటే ఇదే. కెమెరా పెద్ద పెట్టె, దానికి మూడు కాళ్ళ స్టాండు, బరువైన గాజు పలకలు. చెట్ల నీడలో ఉరికే మృగాన్ని ఆ సరంజామాతో పట్టడం గగనమే. కనుక మొదటి వంతు తుపాకిది, రెండో వంతు కెమెరాది. పులి కదలకుండా పడుకున్న తరవాతే దానికి ఫోటో.

మరి ఆ పులి తుపాకి ముందుకి తనంతట తాను రాదు కదా. రోజుల ముందే అడవి తెలిసినవాడు జాడ తీయాలి. దున్నదూడను ఎరగా కట్టాలి. పులి దాన్ని కొట్టిందని కబురు రాగానే మంచె కట్టాలి. పల్లెల జనం వరసగా నిలబడి డప్పులు కొడుతూ కేకలు వేస్తూ పొదల్లోంచి పులిని మంచె వైపు తోలాలి. ఎదురు తిరిగితే మొదట దొరికేది తోలేవాళ్ళే. అధికారి ఊళ్ళో మకాం వేస్తే ఊరు వెట్టి చెయ్యడం ఆనాటి తెలంగాణలో మామూలు. వేటకు పోయిన జనానికీ అదే గతి. ఫోటో కింద మాత్రం దొర పేరు, దొరసాని పేరు, ఊరి పేరు ఉంటాయి. పులి జాడ తీసినవాడి పేరు ఉండదు.

మేరీ కర్జన్ సంగతి అంతటితో అయిపోలేదు. 1904లో ఆవిడ అస్సాంలో కాజీరంగా ప్రాంతానికి వెళ్ళింది. అక్కడి ఒంటికొమ్ము ఖడ్గమృగాలు పేరు పొందినవి. ఆవిడకి ఒక్కటి కూడా కనబడలేదట. బురదలో గిట్టల గుర్తులు మాత్రమే కనబడ్డాయట. తిరిగి వచ్చి, వీటిని కాపాడకపోతే గుర్తులు కూడా మిగలవని భర్తకి చెప్పిందని అంటారు. 1905లో కాజీరంగాను రక్షిత అడవిగా చెయ్యడానికి ప్రకటన వచ్చింది. ఆ మరుసటి ఏడే ఆవిడ చనిపోయింది. నెక్కొండలో చచ్చిన పులి పక్కన నిలబడినావిడ పేరే రెండేళ్ళకి ఖడ్గమృగాల రక్షణ కథలో వినబడుతుంది. మనుషులు మారతారనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఆఫ్రికా వైపు చూద్దాం. అక్కడ కూడా వేటే ముందు. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ కొడుకు కెర్మిట్‌ని వెంటబెట్టుకుని తూర్పు ఆఫ్రికా సఫారీకి వెళ్ళాడు. మూటలు మోయడానికి రెండు వందలకు పైగా కూలీలు. తండ్రీ కొడుకులు కలిసి 512 జంతువుల్ని కాల్చారు. మ్యూజియం కోసం అన్నారు. కెర్మిట్ ఫోటోలు కూడా తీశాడు. అంతకు ముందే షిల్లింగ్స్ అనే జర్మను ఆయన అదే ప్రాంతంలో రాత్రిపూట మెరుపు దీపం వెలిగించి బతికి ఉన్న మృగాలకి ఫోటోలు తీసి 1905లో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం పేరులో కూడా మెరుపు దీపం పక్కనే తుపాకి ఉంది. అప్పటికి రెండూ ఒకే మూటలో పోయేవి.

ఆ తరవాత వచ్చారు మార్టిన్ జాన్సన్, ఆసా జాన్సన్ దంపతులు. 1920లలో కెన్యాలో పారడైజ్ సరస్సు పక్కన ఏళ్ళ తరబడి కాపురం పెట్టి జంతువుల సినిమాలు తీశారు. వాళ్ళ పని పంపకం వింటే మీకు సరదాగా ఉంటుంది. ఆయన కెమెరా పిడి తిప్పుతూ ఉండేవాడు. మృగం మీదికి వస్తే కాల్చడానికి తుపాకి పట్టుకుని పక్కన నిలబడేది ఆవిడ. వంటా, తోటపనీ కూడా ఆవిడ చూసుకునేది, అది వేరే చెప్పాలా! చచ్చిన పులి పక్కన అలంకారంగా నిలబడిన దొరసానుల కాలం నుంచి, కెమెరాకి కాపలా కాసిన స్త్రీ దాకా వచ్చాం.

మన దేశంలో తుపాకి కన్న కెమెరాను ముందు పెట్టినవాళ్ళలో పెద్దపేరు చాంపియన్ అనే అటవీ అధికారిది. ఉత్తర ప్రాంతపు అడవుల్లో పనిచేశాడు. పులి నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. పులి కాలు తగలగానే మెరుపు వెలిగి, కెమెరా దానంతట అదే పనిచేసేది. అంటే పులి తన ఫోటో తానే తీసుకున్నదన్నమాట. 1927లో ఆయన వేసిన పుస్తకంలో ఆ ఫోటోలు చూసి జనం ఆశ్చర్యపోయారు. ఏ రెండు పులుల చారలూ ఒక్కలాగ ఉండవని, చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తు పట్టవచ్చని ఆయన చూపించాడు. మన చేతి గీతల వంటివే అవి. ఈ రోజు నల్లమలలో పులుల్ని లెక్కపెట్టేది కూడా అదే సూత్రం మీద. చెట్లకి కట్టిన కెమెరాలు రాత్రింబవళ్ళు కాపు కాస్తాయి, చారలు చూసి లెక్క తేలుస్తారు.

చాంపియన్ ఫోటోలు చూసి మనసు కెమెరా వైపు తిప్పుకున్నవాడు జిమ్ కార్బెట్. నరమాంస భక్షకులైన పులుల్ని వేటాడిన ఆ కార్బెట్టే. 1947లో అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్ళి నైరీ అనే ఊళ్ళో ఉండిపోయాడు. ఆ ఊరి దగ్గరే చెట్టు మీద కట్టిన ట్రీటాప్స్ అనే వసతి ఉంది. కింద నీటి మడుగుకి వచ్చే ఏనుగుల్ని పైనించి చూడడానికి కట్టారు. మన పొలాల మంచెకీ, షికారు మంచెకీ పెద్ద తమ్ముడనుకోండి. 1952 ఫిబ్రవరిలో ఎలిజబెత్ రాకుమారి అక్కడ ఒక రాత్రి బస చేసింది. ఆ రాత్రే తండ్రి పోయి ఆవిడ రాణి అయింది. ఆ బసలో వెంట ఉన్నవాళ్ళలో కార్బెట్ ఒకడు. తుపాకి కోసం పుట్టిన మంచె అప్పటికి చూపు కోసం, ఫోటో కోసం అయిపోయింది.

1960లో జాయ్ ఆడమ్సన్ అనే ఆవిడ ఎల్సా అనే సింహం పిల్లను పెంచి తిరిగి అడవికి పంపిన కథ పుస్తకంగా వచ్చింది. ఎల్సా తల్లిని కాల్చింది ఆవిడ భర్తే, అటవీ జంతువుల పర్యవేక్షక ఉద్యోగంలో ఉండి. తల్లి లేని పిల్లను సాకి, దానికి మళ్ళీ వేటాడడం నేర్పి, అడవికి అప్పగించిన ఆ కథ లోకమంతా చదివింది. సింహం అంటే గోడకి తగిలించే తల కాదు, దానికీ ఒక సంసారం ఉందని ఎంతమందికో తెలిసివచ్చింది. 1977లో కెన్యా ప్రభుత్వం తన దేశంలో వేటను పూర్తిగా నిషేధించింది. అప్పటినుంచి అక్కడ సఫారీ అంటే కెమెరా సఫారీయే.

మన దేశంలో అంతకు ముందే పులి వేట ఆగింది. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్ళలో 80,000 పులుల్ని చంపి ఉంటారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. 1972లో లెక్కపెడితే దేశం మొత్తం మీద మిగిలినవి 1,827. ఆ ఏడే వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది, మరుసటి ఏడు పులుల పథకం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి పులుల అభయారణ్యం అయింది. రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ వైపు భాగానికి అమ్రాబాద్ అని పేరు. 2022 లెక్కల ప్రకారం దేశంలో పులులు 3,682 అని అంచనా. నిజాంలు వేటాడిన పోచారం అడవి 1952 నుంచే అభయారణ్యం. నగరం చివర వనస్థలిపురంలో ఒకనాటి నిజాం వేట మైదానం ఇప్పుడు జింకల వనం. వేటగాడి దారుల్లోనే ఇవాళ ఫోటోగ్రాఫరు జీపు పోతోంది.

అమ్రాబాద్ అడవిలో ఫరహాబాద్ దగ్గర అటవీ శాఖ వారి సఫారీ బండ్లు తిరుగుతాయి. అక్కడ జాడ తీసేది, దారి చూపేది ఎవరు? చెంచులు. అడవికి కావలివాళ్ళుగా, మార్గదర్శులుగా చెంచు యువకులు పనిచేస్తున్నారు. వాళ్ళకిది కొత్త విద్య కాదు. 1940లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు భార్య బెట్టీతో వచ్చి చెంచుల మధ్య ఉండి, వాళ్ళ బతుకు గురించి రాసి 1943లో పుస్తకం వేశాడు. తేనె తీయడం, దుంపలు తవ్వడం, అడవిలో ఏ మూల ఏమున్నదో పసితనం నుంచే తెలిసి ఉండడం, ఇదంతా అందులో ఉంది. ఆ మాటకొస్తే మన కథల్లో అడవి దారి తెలిసిన చెంచులక్ష్మి ఉండనే ఉంది. సాక్షాత్తు నరసింహస్వామే ఆవిడ వెంట తిరిగాడు.

ఇక్కడే మనం కాసేపు ఆగి ఆలోచించాలి. తుపాకి పోయి కెమెరా వచ్చింది, బాగుంది. జంతువుకి ప్రాణం దక్కింది. మరి జాడ తీసినవాడికి ఏం దక్కింది? 1959లో సెరెంగెటి పార్కు కోసం అక్కడి మసాయి పశువుల కాపరుల్ని లేపి గోరోంగోరో వైపు పంపించారు. తరతరాలుగా సింహాల నడుమ పశువుల్ని మేపుకున్న జనం, సింహాల్ని చూడడానికి వచ్చేవాళ్ళ కోసం జాగా ఖాళీ చెయ్యవలసి వచ్చింది. నల్లమలలో కూడా చెంచు పెంటల్ని అడవి బయటికి తరలించాలని ప్రతిపాదనలు వచ్చాయి. పులికి మనిషి సందడి లేని చోటు కావాలి, నిజమే. కాని 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ప్రకారం వాళ్ళు ఒప్పుకోకుండా కదిలించడానికి వీల్లేదు. ఆ ఒప్పుకోలు నిజంగా మనసారా ఇచ్చిందేనా, భూమీ ఇల్లూ ఇచ్చాకే అడిగారా, ఆడవాళ్ళని అడిగారా అన్నది మనలాంటివాళ్ళు కనిపెట్టి ఉండవలసిన సంగతి. ఇల్లు మారితే నీళ్ళు ఎంత దూరమో, కట్టెలు ఎక్కడో, పిల్లకి జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పోవాలో ముందు తెలిసేది ఇంటి ఇల్లాలికి. తేనె దొరికే కొండ నుంచి తీసుకుపోయి తెలియని పొలం గట్టున దింపితే ఆవిడ విద్య ఏ పనికి వస్తుంది?

ఇంకో సంగతి. కెమెరా ప్రాణం తీయదు గాని, బాధ పెట్టదని చెప్పలేం. ఒక పులి కనబడిందంటే జీపులన్నీ అక్కడికే పరుగెత్తడం, పిల్లల తల్లిని చుట్టుముట్టడం జరుగుతున్నదే. అందుకనే 2012లో సుప్రీంకోర్టు పులుల అడవుల లోపలి భాగాల్లో పర్యాటకం కొన్ని నెలలు ఆపించింది. తరవాత నియమాలు పెట్టి, లోపలి భాగంలో ఐదో వంతుకు మించి పర్యాటకానికి వాడకూడదని హద్దు గీశారు. బండి తోలేవాడు 'ఇంక దగ్గరికి పోనమ్మా' అంటే వాడి మీద విసుక్కోకండి. వాడు నియమమే చెబుతున్నాడు. పది రూపాయలు ఎక్కువిస్తాం, ఇంకొంచెం ముందుకి పోనియ్యి అని బతిమాలేది కూడా మనవాళ్ళే.

కనుక నేను కోరేది చిన్న మాట. మీ పిల్లలో మీరో అమ్రాబాద్‌కో మసాయి మారాకో వెళ్ళినప్పుడు ముందు సీట్లో కూర్చున్న మనిషి పేరు అడగండి. అతను ఏ పెంటవాడో, ఏ ఊరివాడో, జీతం నెలనెలా వస్తోందో లేదో అడగండి. ఇంటికి వచ్చి ఫోటో ఆల్బంలో అంటించేటప్పుడు, ఫోటో వెనక పులి పేరు, తేదీ రాసినట్టే, జాడ చూపినవాడి పేరు కూడా రాయండి. ఈ రోజుల్లో ఆల్బం బదులు ఫోనులోనే ఉంచుకునేవాళ్ళు అక్కడే రాసుకోవచ్చు. నెక్కొండ ఫోటో కింద ఆ పేరు లేదు. ఎవరో ఒక మనిషి, ఏదో ఒక పల్లె నుంచి వచ్చి, పులి ఎదట ప్రాణం ఒడ్డి, ఫోటో బయటే ఉండిపోయాడు. ఇవాళ్టి ఫోటోలో అట్లా జరగకుండా చూసుకోవడం మన చేతిలో పని.